కొత్త కారుకు కొబ్బరికాయ

కారు కొనేటప్పుడు బ్యాంకువాళ్లు రెండు దారులు చూపించారు. నెలనెలా వాయిదా మనమే కట్టుకోవచ్చు. లేదా డ్రైవరు అక్కర్లేని ఆ కారే ఖాళీగా ఉన్నప్పుడల్లా బయటికెళ్లి, జనాన్ని ఎక్కించుకుని, తన వాయిదా తనే సంపాదించుకుంటుంది. మా ఆయన రెండోదానికి ఎగిరి గంతేశారు.

"మన అవసరానికి ఇంట్లో ఉంటుందాండీ?" అన్నాను.

"నీకన్నీ అనుమానాలే హైమా!"

శుక్రవారం పొద్దున్నే కారొచ్చింది. గుడికి తీసుకెళ్దామని పట్టుచీర కట్టుకున్నాను. బానెట్ మీద కుంకుమ బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను. ఆయన కొబ్బరికాయ పట్టుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. లోపల ఎవరూ లేరు కదా, ఖాళీగానే ఉన్నాననుకుంది కారు. నిమ్మకాయలు తొక్కుకుంటూ, ఆయన్ని జాగ్రత్తగా తప్పించుకుని వెళ్లిపోయింది.

ఆయన కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఖాళీ వీధి.

"పోన్లెండి, ముహూర్తానికే కదిలింది," అన్నాను.

ఆయన గుడికని ఫోన్లో బండి బుక్ చేశారు. అరగంటకు వచ్చి గుమ్మం ముందు ఆగింది. బానెట్ మీద నేను పెట్టిన బొట్టే!

ఆయన మొహం వెలిగిపోయింది. మురిపెంగా తలుపు మీద చెయ్యేశారు.

"నమస్కారం సార్," అంది మా కారు. "ఓటీపీ చెప్పండి. కొబ్బరికాయ లోపల కొట్టకూడదు."