కొత్త తాళం

“ఇంకొకరి తాళం ముట్టనని మా ఆవిడ మీద ఒట్టేశాను బాబూ!” అన్నాడు తిరుమలేష్, గరిటె దించకుండా.

“నా గదే కదా భయ్యా! తాళంచెవి లోపలే పెట్టి తాళం నొక్కేశాను. థీసిస్ కూడా లోపలే. ఈలోపు ఇవ్వకపోతే ఐదింటికి యూనివర్సిటీ ఆఫీసు మూసేస్తారు” అన్నాడు సుధీర్.

జైలు నుంచి వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళకు మళ్ళీ దొంగతనానికి దిగుతారో లెక్కకట్టిన థీసిస్ అది. యూనివర్సిటీ పక్కనున్న బేర్ సరాయ్‌లో, ఆంధ్రా మెస్సులో వండే తిరుమలేష్ జైలు నుంచి వచ్చి పదేళ్ళయింది.

“మొదటి రెండేళ్ళే ప్రమాదం. పదేళ్ళు నిలబడ్డ నువ్వూ, నేనూ ఒకటే. నా గ్రాఫ్ చెప్తోంది.”

“అదేదో ఇంకోసారి చెప్పండి బాబూ.”

సుధీర్ మళ్ళీ చెప్పాడు. పొయ్యి మీద కూర మాడేలోపే తిరుమలేష్ పై గదికెళ్ళి పిన్నీసుతో తాళం తీసేశాడు.

సాయంత్రం థీసిస్ ఇచ్చి వస్తూ సుధీర్ కొత్త తాళం కొన్నాడు. తలుపుకి వేసి లాగి చూస్తుంటే, క్యారియర్ పట్టుకుని తిరుమలేష్ మెట్లెక్కి వచ్చాడు. సుధీర్ గబుక్కున తాళాన్ని అరచేత్తో కప్పేశాడు.

తిరుమలేష్ ఆ వేళ్ళ సందుల్లోంచి తాళం వంక చూశాడు.

“నన్నడిగి కొనాల్సింది బాబూ. పాతదే నయం, కాసేపన్నా ఏడిపించింది.”