పాత ఫైలే కావాలి

“ఫైలు దిగడం లేదమ్మా.”

మన్నూబియా నుంచి మళ్లీ మెసేజ్.

సిహెమ్‌కి ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ ఇదే గోల.

స్ఫాక్స్ ఊళ్లో చూపు లేనివాళ్ల కోసం నడిచే ఆడియో పుస్తకాల వెబ్‌సైటు అది. సభ్యులకు ఏ చిక్కొచ్చినా తీర్చాల్సింది సిహెమ్ ఒక్కతే. గదిలో ఆమె, ఒక కంప్యూటరు, ఒక ఫోను. మధ్యాహ్నం హరిస్సా కారం రాసిన రొట్టె కూడా ఒక్కతే కూర్చుని తినాలి.

సభ్యులంతా ఫోన్ చేస్తారు. పనైపోయినా పెట్టరు, ఇంకాసేపు కబుర్లు చెబుతారు. ఆమెకి తోడు వాళ్లే.

ఈ మన్నూబియా మాత్రం ఎప్పుడూ రాయడమే. చూపు లేనివాళ్లు రాయలేరని కాదు, ఫోనే చదివి వినిపిస్తుంటే టకటకా రాసేస్తారు. కానీ నోరుండగా వేళ్లు నొప్పి పుట్టేలా రాసేదెవరు?

“ఖాల్తీ, పాతవి తీసేస్తున్నాం. కొత్తది దించుకోండి,” అని రాసింది. పెద్దావిడ కదా, సొంత పిన్నిని పిలిచినట్టే పిలిచేది.

“కొత్తదాంట్లో ఆ గొంతు లేదు.”

“పుస్తకం అదేగా! ఒక్క ముక్క కూడా పోలేదు.”

“ఆ గొంతే కావాలమ్మా. పాత ఫోను పాడైంది, దాంతో పాటే ఫైళ్లన్నీ పోయాయి. గురువారం వస్తే మీ దగ్గర కూడా ఉండవుగా.”

నిజమే. మనుషులు చదివినవన్నీ, అందులో చాలా మటుకు ఒకాయన చదివినవే, తీసేసి, మెషీను గొంతుతో చదివించినవి పెడుతున్నారు.

“ఇంతకీ ఆ చదివినాయన ఎవరు ఖాల్తీ? మీ చుట్టమా?”

అడిగింది గానీ, చెప్పరని ఆమెకీ తెలుసు. చదివినవాళ్లు పేరు బయటపెట్టకపోవడం అక్కడి ఆనవాయితీ. చేసిన దానం చెప్పుకుంటే పుణ్యం దక్కదంటారు.

పోనీలే పాపం అనుకుంది. ఆ ఫైలుకి పడిన తాళం తీసి, “లాగౌట్ అయి మళ్లీ రండి,” అని రాసింది.

“వచ్చాను.”

“బ్రౌజర్లో పాతవన్నీ తుడిచేయండి.”

“తుడిచాను. అయినా అదే. అనుమతి లేదని ఎర్ర అక్షరాలు పడుతున్నాయి.”

సిహెమ్ ఆ మాట మళ్లీ చదివింది.

ఎర్ర అక్షరాలా? ఫోను మాటలు చదువుతుంది గానీ రంగు చెప్పదే!

“మీకు కళ్లు కనిపిస్తాయా?”

జవాబొచ్చింది.

“కనిపిస్తాయి. సభ్యత్వం నా భార్యది. తను పోయింది.”

ఓరి దేవుడా! ఇన్నాళ్లూ ఖాల్తీ ఖాల్తీ అని పిలిచింది ఎవడో మగాణ్ణా!

చూపు లేనివాళ్లకి తప్ప ఎవరికీ ఇవ్వమని పుస్తకాలు అచ్చు వేసేవాళ్లకి మాటిచ్చి తెచ్చుకున్న ఫైళ్లు అవి. ఒక్కటి బయటికి పొక్కినా సైటు మూతబడుతుంది.

“ఎక్కడ అమ్ముకుందామని?”

“అమ్మనమ్మా. వినడానికే.”

“కళ్లున్నాయిగా, కొనుక్కుని చదువుకోండి!”

“చదివాను.”

“మరింకేం?”

“వినాలనుంది.”

సిహెమ్‌కి కోపంతో పాటు ఎక్కడో జాలి కూడా వేసింది.

“సరే, ఒక్కసారి ఫోన్ చేయండి. ఈ మాటే మీ నోటితో చెప్పండి. మనిషి గొంతు వింటే నిజమో అబద్ధమో నాకు తెలిసిపోతుంది. నమ్మకం కుదిరితే నేనే ఫైలు పంపిస్తా.”

“ఫోన్లో మాట్లాడలేనమ్మా.”

“నిజం చెప్పేవాళ్లకి భయమెందుకు?”

కాసేపటికి ఫోను మోగింది.

“హలో?”

అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు.

“ఎవరండీ? మాట్లాడండి!”

ఊపిరే. బుస్సుబుస్సుమని.

“ఆడపిల్ల ఎత్తిందని ఆటలా? సిగ్గు లేదూ!” అని ఠక్కున పెట్టేసింది. మన్నూబియా పేరు మీదున్న సభ్యత్వం అప్పటికప్పుడే రద్దు చేసింది.

గురువారం పాత ఫైళ్లన్నీ కాపీ కూడా మిగలకుండా పోయాయి.

మర్నాటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

“ఏమ్మాయ్, ఈ రేకుడబ్బా గొంతేంటి? నిద్రొచ్చేది కూడా రావట్లేదు!”

“పాతాయన ఏమయ్యాడు తల్లీ? ఆయన చదువుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది.”

వారం తిరిగేసరికి డైరెక్టరమ్మ దిగొచ్చింది.

“ఆ చదివినాయన్నే బతిమాలి పిలు. మళ్లీ చదివిద్దాం.”

ఆయనెవరో తెలిసినవాడు ఒక్కడే, అప్పట్లో రికార్డు చేసిన ముఖ్తార్. గారు అన్నట్టు అందరూ సీ ముఖ్తార్ అంటారు. ఇప్పుడు పని మానేసి రేవు పక్క కాఫీ కొట్లో పేకాడుకుంటున్నాడు. సిహెమ్ వెతుక్కుంటూ వెళ్లింది.

“పేరడక్కు, చెప్పను,” అన్నాడు ముక్కల్లోంచి తలెత్తకుండానే.

“పేరెందుకు సీ ముఖ్తార్? వచ్చి చదివితే చాలు. అందరూ ఆయన గొంతు కోసమే ఏడుస్తున్నారు.”

ముఖ్తార్ చేతిలో ముక్కలు బల్ల మీద బోర్లించాడు.

“ఎలా చదువుతాడే పిచ్చిదానా? చూపు లేని పెళ్లానికి వినిపిద్దామని మొదలెట్టి ఊరందరికీ చదివాడు. ఆ మన్నూబియా పోయింది, నిరుడు కాన్సరొచ్చి డాక్టర్లు ఆయన గొంతే తీసేశారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక మాట వినపడాలంటే మీ దగ్గరున్న ఆ ఫైళ్లలోంచే వినపడాలి.”