మక్క గారెల రుచి

వంటల పుస్తకాలు ముందేసుకుని వంట చేస్తుంటే, పెళ్ళికి ఒప్పుకున్నట్టేనని మా ఇంట్లో అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు. ఆదివారం అమ్మ పెళ్ళిచూపులకు పిల్లవాడి వాళ్ళను పిలుస్తానంటే సరేనన్నాను.

లేత మక్క కంకులు వలిచి నాయనమ్మలాగే బరకగా రుబ్బాను. అల్లం మాత్రం పుస్తకంలో చెప్పినంత వేశాను.

"జర ఉప్పు తక్కువైంది బిడ్డా," అంది పిల్లవాడి తల్లి సునంద, ఖాళీ పళ్ళెం మళ్ళీ చాపుతూ. "అయినా మస్తున్నయ్. మా ఇంటికొచ్చినంక గిట్లనే చేస్తవా?"

"మీరే రావాలె పెద్దమ్మా. రేపటి సంది బొంగులూరు చౌరస్తల గారెల బండి పెడుతున్న."

అమ్మ గుడ్లురిమింది. సునంద నవ్వి, ఇంకో గారె అందుకుంది.

ఇంట్లోవాళ్ళు ఏం పెట్టినా బాగుందంటారు. ఉన్నమాట చెప్పే బయటివాళ్ళు కావాలనే పెళ్ళిచూపులకు సరేనన్నాను. ఈ సంబంధం చేసుకోను. రేపు బండి తీస్తాను.