ఎదురు తలుపు

టైలరమ్మ కుట్టుమిషన్ ఆగిపోయి చాలాసేపైంది. ఆవిడ తలుపుకున్న అద్దం కన్నానికి కన్ను అతికించుకుని నిలబడింది. ఎదురు వాటాలో ఉండే నర్సు ఇంట్లోకి భుజాన బ్యాగుతో ఒకతను వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. లోపల్నుంచి నవ్వులొకటి!

"బ్యాంకువాడే! ఇంటి లోను ఎంక్వైరీకే వచ్చాడు!" అంది. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. అయినా అంది. లోపలే ఉంచుకుంటే కడుపుమంటకి మాడి మసైపోయేట్టుంది మరి.

మొన్న కుట్టిన యూనిఫాం ఇవ్వడానికి వెళ్తే నర్సు బల్లమీద కొత్త ఫ్లాటు ప్లాను కనబడింది. ఈవిడ చూడటం ఆలస్యం, నర్సు దాన్ని పేపరు కిందికి తోసేసింది. పైగా, "అక్కా, వంటింటి గోడలకి లేత పసుపైతే నీకు నచ్చుతుందా?" అని అడిగింది. అడగాలా? పుండు మీద కారం చల్లడానికి కాకపోతే!

ఫోన్ తీసి మొగుడికి కొట్టింది. ఆయనది టైర్ల షాపు.

"ఏమండీ, ఎదురింటావిడ ఇల్లు కొనేస్తోంది. తెలుసా?"

ఆయన గొంతు తగ్గించాడు. "నీకెవరు చెప్పారే?"

"ఒకరు చెప్పాలా, నాకు కళ్ళు లేవా? బ్యాంకువాడు వచ్చి కూర్చున్నాడు. మీరేమో పంచర్లు వేసుకుంటూ కూర్చోండి. ఈ జన్మకి నాకు అద్దె కొంపే రాసిపెట్టుంది."

"మనకి జీతం చీటీ లేదని లోను ఇవ్వనన్నారు కదే. జీతమొచ్చే వాళ్ళెవరైనా హామీ సంతకం పెడితే..."

"మన మొహాలకి హామీ కూడానా!"

"ఒసేయ్, ఈ ఒక్కపూట నోరు మూసుకుని మిషన్ తొక్కుకో. నీకు దండం పెడతాను."

దాంతో ఒళ్ళు భగ్గుమంది. గోడకి మేకు కొట్టాలన్నా ఓనరుని అడగాలి. ఏడాదికోసారి అద్దె పెంచుతాడు. మిషన్ తొక్కితే చప్పుడంటూ కింది వాటావాళ్ళు చీపురుకర్రతో కప్పు పొడుస్తారు. వాళ్ళతో మాటల్లేవు. పై వాటావాళ్ళతో నీళ్ళ దగ్గర పేచీ. వాచ్‌మన్ సరేసరి, ఈవిణ్ణి చూస్తే గేటు వెనక్కి తప్పుకుంటాడు. సొంతిల్లు ఒక్కటుంటే వీళ్ళందరి మొహాన తలుపేసి బతకొచ్చని టైలరమ్మ ఆశ. అలాంటిది, నిన్నగాక మొన్న వచ్చిన నర్సు ముందు కొనేస్తుందా?

ఎదురు తలుపు తెరుచుకుంది. "వెళ్ళొస్తానమ్మా" అంటూ బ్యాగతను మెట్లు దిగాడు. టైలరమ్మ చెత్తబుట్ట చేతపుచ్చుకుని, చెప్పులైనా వేసుకోకుండా వెనకే పరిగెత్తింది. మెట్ల మలుపులో దొరికాడు.

"బ్యాంకు నుంచా బాబూ?"

"అవునమ్మా. లోను పని మీద చిన్న ఎంక్వైరీ."

"ఇందాక మీరు కూర్చున్న ఇంటావిడ ఎలాంటిదో ఎవరినైనా అడిగారా?"

అతను ఆగాడు. "ఎందుకమ్మా? ఆవిడ మాట నమ్మకూడదా?"

కిందటి వానల్లో టైలరమ్మకి జ్వరమొస్తే రాత్రంతా మంచం పక్కన కూర్చుంది ఈ నర్సే. కానీ లేత పసుపు గోడలు కళ్ళముందు మెదిలాయి. అంతే, జ్వరం మాట మర్చిపోయింది.

"నమ్మితే మునిగారన్నమాటే! తెల్లబట్టలు చూసి మోసపోకండి. నోరు తెరిస్తే అబద్ధం. ఫ్రిజ్ వాయిదాలు కట్టకపోతే షాపువాళ్ళొచ్చి గుమ్మంలో కూర్చున్నారు. నా కళ్ళతో చూశాను."

చూసిన మాట నిజమే. కాకపోతే అది టైలరమ్మ గుమ్మం.

"ఉద్యోగం గట్టిదేనా?"

"రేపోమాపో ఊడుతుందని వింటున్నాం."

"అయితే ఆవిడ సంతకం చూసుకుని డబ్బిస్తే..."

"బూడిదలో పోసిన పన్నీరే బాబూ!"

అతను అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. టైలరమ్మకి కడుపులో చల్లగా ఉంది.

"మంచిపని చేశారమ్మా. ఇంతకీ మీది ఏ వాటా?"

"నేను చెప్పినట్టు తెలీదుగా? ఆవిడ ఎదురు వాటానే. తలుపు తీస్తే ఆవిడ మొహమే చూడాలి. నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

అతని పెన్ను ఆగిపోయింది. "టైర్ల షాపాయన... మీ ఆయనా?"

"అవును. ఏం?"

"ఇల్లు కొంటున్నది నర్సుగారు కాదమ్మా, మీ ఆయన. అంతా ఖాయమయ్యాక మీకు చెప్తానన్నారు. ఆయనకి హామీ సంతకం పెడుతున్నది నర్సుగారు."

చెత్తబుట్ట చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. టైలరమ్మ రెండు చేతులా అతని బ్యాగు పట్టుకుంది.

"కొట్టెయ్ బాబూ, ఆ రాసిందంతా కొట్టెయ్! కళ్ళు కుట్టి వాగాను. ఆవిడ బంగారం! ఉద్యోగం బండరాయిలాంటిది! మేమూ మంచివాళ్ళమే బాబూ. కావాలంటే ఈ బిల్డింగులో ఎవరినైనా అడుగు!"

"పొద్దున్నుంచి అందరినీ అడిగానమ్మా," అన్నాడతను, బ్యాగు మెల్లగా విడిపించుకుంటూ. "మీ గురించి ఒక్క మంచి మాట చెప్పింది ఆవిడే."