స్లాబు మీద నీళ్లు

ఎండకు కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే పట్నం ఒకటుంది. దాని నడిమధ్య కుంటను పూడ్చి పెద్ద మేడ మొదలుపెట్టారు. నేలమట్టానికి స్లాబు పోసి, దానిమీద చిన్నచిన్న గట్లు కట్టి నీళ్లు నిలిపారు.

కడుపుతో ఉన్న కప్ప అది చూసి మురిసిపోయింది. "చూశావా తొండ మరిదీ, ఒక్క కుంట పూడ్చినందుకు మనకెన్ని కుంటలు కట్టిచ్చారో."

"అవి స్లాబు గట్టిపడటానికి పోసిన నీళ్లు వదినా. గట్టిపడగానే మానేస్తారు. నా మాట విని మురిక్కాలవకి పో."

"ఏనాడూ నీళ్లలో దిగనివాడివి, నాకు చెప్పొచ్చావా" అని నవ్వి, కప్ప అక్కడే గుడ్లు పెట్టింది.

పిల్లలు తోకలాడిస్తూ ఈదసాగాయి. రోజూ పొద్దున్నే మేస్త్రీ పైపుతో నీళ్లు పడుతుంటే, "అదుగో మీ మావయ్య, దణ్ణం పెట్టండి" అనేది కప్ప.

ఒకరోజు మేస్త్రీ స్లాబును మడమతో తన్ని చూసుకుని, పైపు చుట్టి, కొత్తగా పోసిన పక్క స్లాబుకి వెళ్లిపోయాడు. మిట్టమధ్యాహ్నానికి గట్ల మధ్య తడి మాత్రమే మిగిలింది.

"పక్కన బోలెడు నీళ్లున్నాయి, గెంతు వదినా" అని తొండ బతిమాలింది.

"నాకు గెంతడం వచ్చు మరిదీ. వీళ్లకింకా కాళ్లే రాలేదు" అంది కప్ప, పిల్లల మీద తన నీడ పడేలా జరిగి కూర్చుంటూ.