జిడ్డు లేని బల్బు

చీరాలలో బల్బు విప్పడం నేరమై పదకొండేళ్లయింది. బల్బులు ఇంట్లో విన్న ప్రతి మాటా వాటిని తయారుచేసే కంపెనీకి చేరవేసే రోజులవి. అందుకే తిరపతమ్మ మేడమీది గదిలో ఒక్క బల్బూ ఉండదు. పట్టపగలు, కిటికీ దగ్గర ఎండలో కూర్చుని, ఊరివాళ్ల బల్బులు దొంగచాటుగా బాగుచేస్తుంది.

"మా వంటింటిదమ్మా, నిన్న పోయింది," అంటూ ఎవరో కొత్త మనిషి బల్బు అందించాడు.

లోపలున్న చిన్న చిప్‌లలో ఒక్కటి మాడితే చాలు, బల్బంతా చస్తుంది. మాడినదాన్ని తప్పించి టంకం వేస్తే మళ్లీ వెలుగుతుంది. ఆవిడకది చిటికెలో పని. కానీ ముందుగా బల్బును ముక్కు దగ్గర పెట్టుకుంది. పోపు వాసన లేదు. వేలితో రుద్దింది. జిడ్డు లేదు.

"ఏం వండుకుంటారు బాబూ మీ ఇంట్లో?"

"అన్నీనమ్మా. పులుసులు, వేపుళ్లు, రోజూ ఏదో ఒకటి..."

"నాకీ పనులేం రావు నాయనా. కొత్తది కొనుక్కో," అని బల్బు అతని చేతిలో పెట్టేసింది.

అతను గొణుక్కుంటూ మెట్లు దిగాడు. మూడో మెట్టు మీద, చచ్చిపోయిందన్న ఆ బల్బు అతని అరచేతిలో తనంతట తానే వెలిగింది. గబుక్కున జేబులో కుక్కుకున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా చొక్కాలోంచి వెలుగుతూనే ఉంది.