సూర్యాపేట దాటని కారు

బాలానగర్ షెడ్డులో, నలభై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు బానెట్ మూసి మెకానిక్ నర్సింగ్ నవ్వాడు.

"జర ఆలోచన జేయుండ్రి సారూ. గిది సూర్యాపేట కూడా దాటది. రేపు తెలంగాణ వస్తే మీ గుంటూరుకు ఎట్ల పోతరు?"

"నా చేత తోయిస్తారులెండి," అంది శామ్యూల్ భార్య రెబెక్కా.

శామ్యూల్ నవ్వలేదు. ఉద్యమం రాజుకున్నప్పటి నుంచి, ఎప్పుడు వెళ్లిపోవాల్సి వస్తుందోనని, ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లోంచి తియ్యనివ్వని మనిషి అతను.

"మదీనాగూడలో మా ఇంటిదాకా వస్తుందా?" అని అడిగాడు.

"గంత దూరమైతే ఫికర్ లేదు."

"మాకు అది చాలు. తీసుకుంటాను."

రెబెక్కా నోటిదాకా వచ్చిన ఇంకో వేళాకోళం ఆగిపోయింది. ఉన్న రెండు సీట్లలో ఒకదాని దుమ్ము కొంగుతో దులిపి కూర్చుంది.

"పోనివ్వండి. ఇంటికెళ్లి పెట్టెలు విప్పాలి."